గీత ఏ వైపు పడింది?

డిస్కు మీద గీతలు పడ్డాయంటే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చే ఇలాజ్ టూత్‌పేస్టు. తర్వాత కొబ్బరినూనె. అరటిపండు రుద్దమనేవాళ్లు ఒకరు, ఫ్రిజ్‌లో పెట్టి తీయమనేవాళ్లు ఇంకొకరు. ఎవరి నుస్ఖా వాళ్లది. వీటిలో ఒకటి రెండు నిజంగానే పనిచేస్తాయి. కొన్నింటితో ఫాయిదా లేదు, నుక్సాన్ కూడా లేదు. కొన్ని మాత్రం మిగిలిన కాస్తనూ ఖతమ్ చేస్తాయి. ఏది ఏమిటో తెలియాలంటే ఆ డిస్కులో మన సామాను ఏ పొరలో దాగుందో తెలియాలి. అది తెలియకుండా చేసే ఇలాజ్ అంధేరాలో సూదికి దారం ఎక్కించడమే.

"ఈ జమానాలో డిస్కులెవరు చూస్తున్నారు భాయ్?" అంటారేమో. చూడటం లేదు, నిజమే. కానీ పారేయలేదు కూడా. అల్మారీ పై అరలో, బిస్కెట్ల రేకు డబ్బాలో, పాత సౌదీ సూట్‌కేసు జేబులో అవి ఇంకా ఉన్నాయి. నిఖా సీడీలు, వలీమా సీడీలు, పిల్లల బిస్మిల్లా ఫంక్షన్లు. ఇంటింటికీ తిరిగి తిరిగి గీతలు పడిన 'ది అంగ్రేజ్' సినిమా. హజ్‌కు పోయినవాళ్లు తెచ్చిన ఖిరాఅత్ డిస్కులు. వాటి మధ్యన గల్ఫ్ నుంచి అబ్బా పిల్లల కోసం తెచ్చిన గేమ్ డిస్కులు. ఈ చివరివాటిని పెద్దలు పట్టించుకోరు, ఆట వస్తువులే కదా అనుకుంటారు. నేనూ వాటి గురించి ఎప్పుడూ రాయలేదు. ఈ ఏడాది తుర్కపల్లిలో మా ఆపా ఇంట్లో జరిగింది చూశాక రాయాలనిపించింది.

తుర్కపల్లి పేరుతో తెలంగాణలో చాలా ఊళ్లున్నాయి. నేను చెప్పేది జేబీఎస్‌లో బస్సెక్కి రాజీవ్ రహదారి మీద అల్వాల్, హకీంపేట్, తూంకుంట, షామీర్‌పేట్ దాటాక వచ్చేది. పేరు చూసి పాత ముసల్మానుల బస్తీ ఏదో అనుకుని పోతే, కనబడేవి జీనోమ్ వ్యాలీ ప్రహరీ గోడలు. మందుల కంపెనీలు, ల్యాబులు, ఐకేపీ నాలెడ్జ్ పార్కు, కోవాక్సిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అన్నీ అటువైపే. మా భాంజా అక్కడ ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. నౌకరీ దొరికాక పాతబస్తీలో ఉన్న ఇల్లు ఖాళీ చేసి అమ్మను తీసుకుని అక్కడే రెండు గదుల కిరాయి ఇంట్లోకి మారాడు. ఆ సామాను మార్చడంలో గేమ్ డిస్కులు డబ్బాల్లోంచి జారి, స్టీలు గిన్నెలున్న సంచీలో పడి, తుర్కపల్లి చేరేసరికి గీతలు గీతలైపోయాయి.

అందులో ఒక డిస్కు అట్లాంటిట్లాంటిది కాదు. మా దుల్హాభాయ్ దమ్మాంలో ఎలక్ట్రీషియన్ పని చేసేవారు. రెండేళ్లకోసారి ఛుట్టీ. 2007లో వచ్చినప్పుడు కొడుక్కి ప్లేస్టేషన్ 2 తెచ్చారు, దాంతోపాటు ఒక క్రికెట్ గేమ్. అప్పుడు పిల్లాడికి తొమ్మిదేళ్లు. ఫోన్లో "సలాం అబ్బా, ఖైరియత్?" దాటి మాట రాని తండ్రీకొడుకులు ఆ గేమ్ ముందు కూర్చుంటే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఆపాకు మాత్రం నచ్చేది కాదు. "ఏడాదంతా కనబడని మనిషి, వచ్చినంక గీ డబ్బా ముందల కూసుంటడు" అని విసుక్కునేది. 2012లో ఆఖరి ఛుట్టీ. ఎయిర్‌పోర్టుకు బయలుదేరే రాత్రి ఒక టెస్ట్ మ్యాచ్ సగంలో ఉంది. "సేవ్ చెయ్యి బేటా, వచ్చినంక ఆడదాం" అని లేచారు. కొన్ని నెలలకు దమ్మాంలో గుండె ఆగిపోయింది. దఫన్ అక్కడే అయింది. ఇక్కడ ఫాతిహా చదవడానికి ఖబర్ కూడా లేదు.

ప్లేస్టేషన్ 2లో ఆట డిస్కులో ఉంటుంది, మనం ఆపిన చోటు 8 ఎంబీ మెమరీ కార్డులో ఉంటుంది. డిస్కు లేకుండా కార్డును తెరిస్తే ఒక చిన్న బొమ్మ, సేవ్ చేసిన తారీఖు కనబడతాయి. లోపలికి పోవాలంటే ఆ గేమ్ డిస్కే కావాలి. భాంజా ఏళ్ల తరబడి అప్పుడప్పుడు ఆ తారీఖు చూసి మూసేసేవాడు. ఆడలేదు. ఈ ఏడాది ఒకసారి తెరుద్దామనుకుంటే స్క్రీన్ మీద 'డిస్క్ రీడ్ ఎర్రర్' అని వచ్చింది. నగరంలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్తే అక్కడి మనిషి మాసిన గుడ్డతో గుండ్రంగా రుద్ది, "అయిపోయింది, ఇంక రాదు" అని వాపసిచ్చాడు. పాత గీతల మీద కొత్త వలయాలు తేలాయి. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "మామూ, మీరు అఖ్బారోళ్లు కదా, ఎవరికైనా తెలుస్తదేమో అడగరా?"

అడిగాను, చదివాను. తెలిసింది ఇదీ.

సీడీ, డీవీడీ, బ్లూరే మూడూ పైకి ఒకే సూరత్. 120 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. తేడా అంతా సమాచారం ఏ లోతులో ఉందన్నదే. సీడీలో అది దాదాపు పైన, పేరు రాసి ఉండే వైపు, వెంట్రుక మందం కూడా లేని వార్నిషు పొర కింద ఉంటుంది. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల రెండు బిళ్లలు అతికించి ఉంటాయి, సమాచారం వాటి నడుమ భద్రంగా ఉంటుంది. బ్లూరేలో కింది వైపు, మెరిసే ముఖానికి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది. అందుకే దానికి గట్టి పూత వేసి అమ్ముతారు.

దీన్నిబట్టి ఒక ఉల్టా సంగతి తెలుస్తుంది. సీడీ చేతికొస్తే మనం మెరిసే వైపు చూసి, గీతలున్నాయా అని వెతుకుతాం. బొమ్మ వైపును బేఫికర్‌గా బల్ల మీద బోర్లిస్తాం. కానీ సీడీకి ప్రాణం ఉన్నది ఆ బొమ్మ వెనకాలే. మెరిసే వైపు పడిన గీతకు కింద మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ అడ్డం ఉంటుంది. బొమ్మ వైపు గోరు గట్టిగా తగిలితే అద్దపు పొరే లేచిపోతుంది. అది లేచిపోతే దునియాలో ఏ పాలిషూ తిరిగి తేలేదు. ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి చూడండి. సూదిమొనలంత వెలుగు చుక్కలు కనబడితే ఆ మేరకు సమాచారం పోయినట్టే.

మెరిసే వైపు గీతను లేజర్ కొంతవరకు ఎలా దాటుకుపోతుందో కూడా తెలుసుకోవాలి. లేజర్ చూపు లోపలి పొర మీద నిలిచి ఉంటుంది. ప్లాస్టిక్ ముఖం దగ్గర ఆ కిరణం ఇంకా వెడల్పుగానే ఉంటుంది. కిటికీలోంచి దూరపు మినార్‌ను చూస్తున్నప్పుడు అద్దం మీది చిన్న మరక మన కంటికి ఆననట్టే, సన్నని గీత దానికి అడ్డం కాదు. గీత లోతుగా ఉండి వెలుగును పక్కకు విరిచేస్తేనే ముసీబత్.

అట్లా అడ్డం పడినా రెండో కాపలా ఒకటుంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక లెక్క కనిపెట్టారు. అసలు అంకెలతోపాటు కొన్ని అదనపు అంకెలు కలిపి రాస్తే, మధ్యలో కొన్ని చెరిగిపోయినా మిగిలినవాటిని బట్టి వాటిని తిరిగి రాబట్టవచ్చు. 1982లో సీడీలు బజారులోకి వచ్చినప్పుడు వాటిలో ఈ లెక్కే పెట్టారు. వాయేజర్ నౌకలు యురేనస్, నెప్ట్యూన్ దగ్గర నుంచి పంపిన చిత్రాలకూ ఇదే వాడారు. ఇవాళ చాయ్ హోటల్లో గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ మూల చిరిగినా, చాయ్ మరక పడినా డబ్బులు పోతున్నాయంటే ఇదే లెక్క వల్ల.

మనకు ఇంకా దగ్గరి మిసాల్ తరావీహ్‌లో ఉంది. ముందు నిలబడిన హాఫిజ్ సాబ్ ఒక ఆయత్ దగ్గర అటకాయిస్తే వెనక సఫ్‌లోంచి ఇంకో హాఫిజ్ లుఖ్మా ఇస్తాడు. ఖిరాఅత్ సాగిపోతుంది. ఒకటి రెండు మాటలు జారితే లుఖ్మాతో సరిపోతుంది. సూరా మొత్తం జారితే లుఖ్మా ఎంతని ఇస్తారు? డిస్కూ అంతే. సీడీలో ట్రాక్ వెంట వరుసగా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర పోయినా పూడ్చుకోగలదు. డీవీడీ ఇంకా ఎక్కువే పూడ్చుకుంటుంది. అంతకు మించితే ఆగిపోతుంది.

ఇక్కడే గీత దిశ పట్టు తెలుస్తుంది. ట్రాక్ గుండ్రంగా, దోమల అగరుబత్తి చుట్టలా లోపలి నుంచి బయటికి తిరుగుతుంది. మధ్య నుంచి అంచుకు నిలువుగా పడిన గీత ఒక్కో చుట్టును ఒక్క చోట మాత్రమే కోస్తుంది. ఒక్కో చోట ఒక్కో లుఖ్మా, నడిచిపోతుంది. గుండ్రంగా పడిన గీత ఒకే చుట్టు వెంట పోతుంది, వరుసగా అంతా చెరిగిపోతుంది. చూడటానికి సన్నగానే ఉంటుంది, నుక్సాన్ మాత్రం దానిదే ఎక్కువ. అందుకే డిస్కును ఎప్పుడూ మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి. గిన్నె తోమినట్టు గుండ్రంగా రుద్దకూడదు. ఆ దుకాణంలో జరిగింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి. పాటల సీడీలో కాస్త పోతే ప్లేయర్ అటూఇటూ చూసి అందాజుగా పూడ్చేస్తుంది, మన చెవికి తెలియదు. వీడియోలో పోతే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ముందుకు పోతుంది. గేమ్ అట్లా కాదు, అది ప్రోగ్రాం. అక్షరం తేడా వచ్చినా నడవదు. అందుకే అదే గీతతో సినిమా నడుస్తుంది, గేమ్ నడవదు.

ఒక జుమా రాత్రి ఇదంతా భాంజాకు ఫోన్లో చెప్పుకొచ్చాను. నిలువుగా తుడవాలి అనగానే నవ్వాడు. "మామూ, గిది మాకు డ్యూటీలో మొదటి రోజు నేర్పిచ్చే సబఖ్." మందులు తయారయ్యే క్లీన్‌రూముల్లో బల్లలు తుడిచే పద్ధతి ఉంటుందట. పోగులు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒకే దిశలో గీత పక్కన గీత, ఒక్కో తుడుపుకు గుడ్డ మడత మార్చి కొత్త ముఖం. గుండ్రంగా తిప్పితే తీసిన మురికినే మళ్లీ అంటించినట్టు. తుర్కపల్లిలో రోజూ చేతులతో చేసే పనే ఇంట్లో డిస్కుకు పనికొస్తుందని వాడికి అప్పటిదాకా తట్టలేదు.

ఇత్వారం నేను తుర్కపల్లి పోయాను. డిస్కును ముట్టుకునే ముందు ఒక పని చేయమన్నాను. మెమరీ కార్డు నకలు. ఇంకో కార్డు కొనిపించి రెండో స్లాట్‌లో పెట్టించి, సేవ్‌ను దాని మీదికి కాపీ చేయించాను. డిస్కు తాళంచెవి లాంటిది. ఖజానా కార్డులో ఉంది. అదే గేమ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కొత్త తాళంచెవి వస్తుంది, అయితే అదే రీజియన్ కాపీ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చినది పాల్ కాపీ అయితే అమెరికా కాపీ దాని సేవ్‌ను గుర్తుపట్టదు. కార్డు పోతే మాత్రం ఆ మ్యాచ్ ఎక్కడా కొనలేం.

తర్వాత ఇలాజ్. మీ ఇళ్లలోనూ ఇదే తర్తీబ్ పాటించండి.

మొదట డిస్కుదే తప్పా, మెషిన్‌దా తేల్చుకోవాలి. ఇంకో డిస్కు పెట్టి చూడండి. అదీ నడవకపోతే లెన్సు మీద దుమ్ము ఉండొచ్చు, లేదా లేజర్ ముసలిదై ఉండొచ్చు. అప్పుడు డిస్కును రుద్దడం జుల్మ్. మా దగ్గర వేరే గేమ్ నడిచింది, అంటే ఈ డిస్కుకే మర్జ్.

రెండోది కడగడం. సగం డిస్కులు దీంతోనే బాగవుతాయని నా నమ్మకం, ఎందుకంటే మనం గీత అనుకునేది చాలాసార్లు నూనె వేలిముద్రే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు ఒక చుక్క, వేళ్లతో మెత్తగా మధ్య నుంచి అంచుకు. మంచి నీళ్లతో కడిగి, మెత్తని నూలు గుడ్డతో అద్దాలి. కాగితం, టిష్యూ, కండువా అంచు, దుపట్టా జరీ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దాంతో ఒకసారి తుడవొచ్చు. గోళ్ల రంగు తీసే మందు, థిన్నర్, పెట్రోలు దగ్గరికి కూడా రానీయొద్దు. అవి ప్లాస్టిక్‌నే తినేస్తాయి, డిస్కు తెల్లగా మసకబారిపోతుంది.

మూడోది పాలిష్. గీతను ఏదీ పూడ్చదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కాస్త అరగదీసి గీత అంచులను నున్నగా చేస్తుందంతే. టూత్‌పేస్టు పనిచేసేది ఇందుకే, అందులో సన్నని సుద్ద లాంటి పొడి ఉంటుంది. తెల్లని మామూలు పేస్టయితే సరే, జెల్ అంతగా పనికిరాదు. హెల్మెట్ అద్దాలకు, బండి హెడ్‌లైట్లకు వాడే ప్లాస్టిక్ పాలిష్ ఇంకా మేలు. డిస్కును మెత్తని తువ్వాలు మీద పెట్టి, మెత్తని గుడ్డతో నిలువుగా, బలం పెట్టకుండా, గీతలున్న చోటే రుద్దాలి. తర్వాత మళ్లీ కడిగి, ఆరబెట్టి, నడిపి చూడాలి. గోరు పెడితే అటకాయించేంత లోతు గీత ఇంట్లో పోదు, దానికి మెషిన్ పాలిష్ కావాలి. అదీ డీవీడీకీ సీడీకే. ప్లేస్టేషన్ 3, 4, 5 డిస్కులన్నీ బ్లూరేలు. వాటిని రుద్దితే గట్టి పూత పోతుంది, కింద ఉన్నది 0.1 మిల్లీమీటరే. వాటిని తుడవడం వరకే మన పని.

నాలుగోది ఆఖరి ఉపాయం, ఇంటి వీడియో డిస్కుల కోసం. ఏ ఇలాజ్‌కూ లొంగకపోతే గీత మీద వాసలీన్ పలచగా రాసి, పైది పూర్తిగా తుడిచేసి, వెంటనే కంప్యూటర్లో పెట్టి నకలు తీసుకోవాలి. గీతలో నిలిచిన ఆ కాస్త జిడ్డు వెలుగును తిన్నగా పోనిస్తుంది. ఇది బాగుచేయడం కాదు, ఒక్కసారి చదివించుకోవడం. తర్వాత కడిగేయాలి. ఇక కొబ్బరినూనె, అరటిపండు, ఫ్రిజ్ సంగతి వదిలేయండి. నూనె దుమ్మును పట్టి మెషిన్‌లోకి చేరవేస్తుంది. అరటిపండు చీమలకు దావత్. చలికి గీత అతుక్కోదు, తేమ మాత్రం పట్టుకుంటుంది.

మా డిస్కు డీవీడీ, గీతలన్నీ మెరిసే వైపే. మొదటి విడత పాలిష్‌కు నడవలేదు. రెండో విడతకు కంపెనీ గుర్తు వచ్చి ఆగిపోయింది. "ఆ ఖేల్‌కూద్ కోసం గింత తక్లీఫ్ ఎందుకురా మీకు" అని ఆపా వంటింట్లోంచి అంటూనే ఉంది. అసర్ నమాజ్ చదివొచ్చి మూడో విడత మొదలుపెట్టాడు భాంజా. గుడ్డ మడత మార్చడం, గీత పక్కన గీత, తొందర లేదు. ఈసారి గేమ్ తెరుచుకుంది. మెమరీ కార్డు అడిగింది. మ్యాచ్ వచ్చింది. మూడో రోజు ఆట, ఇండియా బ్యాటింగ్, దుల్హాభాయ్ ఆడుతున్న బ్యాట్స్‌మన్ పక్కన స్కోరు ఉంది.

ఆపా తలుపు దగ్గరికి ఎప్పుడొచ్చిందో తెలియదు. "కిత్తే మారే ఉనో?" అంది.

"సర్‌సఠ్, అమ్మీ. నాటౌట్."

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. భాంజా రిమోట్ కింద పెట్టాడు. ఆడితే అబ్బా ఆపిన చోటు మారిపోతుందని వాడి పరేషానీ. నకలు రెండో కార్డులో ఉంది, అది ఎన్నడూ మారదు అని గుర్తుచేశాను. ఆపా లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. "ఆడు బేటా. వచ్చినంక ఆడదామని పోయిండు, సగంల ఎన్ని రోజులుంచుతవు?" అంది. ఆడాడు. ఎనభై ఒకటి దగ్గర గాల్లోకి కొట్టి క్యాచ్ ఇచ్చాడు. ఆపా నవ్వింది. "మీ అబ్బా గూడ గిట్లనే, సెంచరీ దగ్గరికొస్తే ఆగడు." ఆ గేమ్ గురించి ఆమెకు అంత తెలుసని మా ఇద్దరికీ ఆ రోజే తెలిసింది.

ఇట్లా ప్రతి ఇంట్లో మూడో విడతకు తెరుచుకుంటుందని నేను జమానత్ ఇవ్వలేను. అందుకే ఇలాజ్ కంటే పర్హేజ్ గురించి ఎక్కువ చెప్పాలి.

గీతలు పడేది ఎక్కువగా ఆడేటప్పుడు కాదు, తీసేటప్పుడు, పెట్టేటప్పుడు. డబ్బాలోంచి తీసేటప్పుడు మధ్యలో ఉన్న బొడిపెను బొటనవేలితో నొక్కి, అంచులు పట్టుకుని లేపాలి. బలంగా లాగితే డిస్కు వంగి మధ్య రంధ్రం దగ్గర పగుళ్లు పుడతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. ప్లాస్టిక్ కవర్ల ఆల్బంలో పెడితే లోపల చేరిన ఇసుక రేణువే రంపం అవుతుంది. మన ఎండలకు ఆ కవర్లు డిస్కుకు అంటుకుపోతాయి కూడా. గట్టి డబ్బాలో, నిలువుగా, పుస్తకాల్లా నిలబెట్టండి. కారు డాష్‌బోర్డు మీద, కిటికీ ఎండలో అసలే వద్దు.

డిస్కు తిరుగుతుండగా మెషిన్‌ను కదపొద్దు. అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటుంది. ఆ వేగంలో ఎక్కడైనా ఆనిందంటే పడేది గుండ్రని గీతే, అన్నింటికంటే చెడ్డది. దీని మీద అమెరికాలో పెద్ద ముఖద్దమా నడిచింది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 చిన్న కదలికకే డిస్కులను గీసేస్తోందని కొనుగోలుదారులు మైక్రోసాఫ్ట్ మీద దావా వేశారు. వాడేవాళ్ల పొరపాటే అని కంపెనీ వాదన. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 జూన్‌లో వచ్చిన ఫైస్లా కంపెనీ వైపే వచ్చింది, కానీ అది అప్పీలు పద్ధతి గురించి. గీతలకు జిమ్మేదార్ ఎవరన్నది అందులో తేల్చలేదు. మనకు అందే సబఖ్ మాత్రం సాఫ్. బల్ల గట్టిగా ఉండాలి, పిల్లలు వైరు లాగకుండా చూడాలి, నిలువుగా ఉన్నదాన్ని నడుస్తుండగా పడుకోబెట్టకూడదు.

ఇక నిఖా డిస్కులు. ఇవి గేమ్ డిస్కుల కంటే నాజూకువి. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే దిగి ఉంటాయి. ఫోటో స్టూడియోలో కాల్చి ఇచ్చిన డిస్కులో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండకూ వేడికీ ఆ రంగు మెల్లగా వెలిసిపోతుంది. గీత ఒక్కటీ పడకపోయినా ఒక రోజు ఖాళీ అయిపోవచ్చు. దానికి తోడు స్టూడియోవాళ్లు పైన దుల్హా దుల్హన్ ఫోటో స్టిక్కర్ అంటించి ఇస్తారు. ఆ స్టిక్కర్ అంచు లేచింది కదా అని పీకొద్దు. సీడీ అయితే జిగురుతోపాటు అద్దపు పొర కూడా ఊడొస్తుంది, ఫోటో చేతిలో ఉంటుంది, నిఖా పోతుంది. పైన పేరు రాయాలంటే బాల్ పెన్నుతో గీకొద్దు. మెత్తని మొన, నీళ్ల సిరా ఉన్న మార్కర్‌తో మధ్యలో ఉన్న పారదర్శకమైన వలయం మీద రాయండి.

చట్టం గురించి కూడా ఒక మాట. హక్కుగా కొనుక్కున్న కంప్యూటర్ ప్రోగ్రాం పాడైపోతుందన్న భయంతో హిఫాజత్ కోసం నకలు తీసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇజాజత్ ఇస్తుంది. అయితే ప్లేస్టేషన్ మామూలుగా కాపీ డిస్కును నడపదు. కాబట్టి గేమ్ డిస్కుకు అసలు రక్షణ మన చేతి జాగ్రత్తే. ఇంటి వీడియోలకు ఆ అడ్డు లేదు. తీయకపోవడానికి బద్ధకం తప్ప వేరే కారణం లేదు.

అమానత్ అంటే డబ్బు, నగలే అనుకుంటాం. మన ఇళ్లలో గల్ఫ్‌లో బతుకు గడిపిన మనుషులు వదిలిపోయిన వస్తువులు కొద్ది. ఒక సూట్‌కేసు, అత్తర్ సీసాలు, ఇఖామా జిరాక్సు, కొన్ని డిస్కులు. వాటిలో మాట్లాడేవి, కదిలేవి డిస్కులొక్కటే.

ఈ జుమాకు ఆ రేకు డబ్బా దించండి. కంప్యూటర్‌కు డ్రైవ్ లేకపోతే బయటి నుంచి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి మొహల్లాకంతా సరిపోతుంది, కలిసి కొనండి. బాగా నడుస్తున్న డిస్కులను ముందు నకలు తీయండి, గీతలున్నవి తర్వాత. బాగున్నదే రేపు పాడయ్యేది. ప్రతి నకలు రెండు చోట్ల ఉంచండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి అక్కాతమ్ముళ్లలో ఎవరింట్లోనైనా. పిల్లలు తమ గేమ్ డిస్కులు, మెమరీ కార్డు తెచ్చి ముందర పెడితే విసుక్కోకండి. అందులో ఎవరు ఎక్కడ ఆపి లేచిపోయారో మనకు తెలియదు.